కిటికీకి వీపు చూపేవాళ్లపై చర్యలేవీ?

నార్వేలో బెర్గెన్ నుంచి రష్యా సరిహద్దు దగ్గరున్న కిర్కెనెస్ దాకా తీరం వెంబడి రోజూ ఒక ఓడ బయలుదేరుతుంది. ఆ సర్వీసు పేరు హుర్టిగ్రూటెన్. 34 రేవులు, వెళ్లి రావడానికి 12 రోజులు. లోకంలోకెల్లా అందమైన సముద్రయానమని దీనికి పేరు. అలాంటి ఓడలో బహిరంగంగా ఒక ఘోరం జరుగుతుంటే ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ పట్టించుకోలేదు. ఆ తీరం ఊళ్లవాళ్లు ఓడెక్కితే కిటికీలోంచి బయటికి చూడరు.

దక్షిణానికి వచ్చే ఓడలో స్టోక్‌మార్క్‌నెస్ దగ్గర ఒక పెద్దావిడ ఎక్కుతుందనుకోండి. బయట రాఫ్ట్‌సుండ్ జలసంధి, రెండువైపులా నీళ్లలోంచి నిటారుగా లేచిన కొండలు. ఆవిడ సంచీలోంచి ఊలు తీసి స్వెట్టర్ అల్లుకుంటుంది. స్వోల్వార్‌లో దిగి ఇంటికి పోతుంది. ఈలోగా ఏళ్ల పొదుపంతా టికెట్‌కు పోసిన పర్యాటకుడు మెడలో రెండు కెమెరాలతో డెక్కు మీద గడ్డకట్టుకుపోతూ ఉంటాడు. పాపం, ఆవిడ వాటా ఆశ్చర్యం కూడా అతనే పడాలి. ఇదెక్కడి న్యాయం?

చరిత్ర తిరగేస్తే ఈ రోగం పుట్టుకతోనే ఉన్నట్టు తెలుస్తుంది. ఒకప్పుడు ట్రోండ్‌హైమ్‌లో వేసిన ఉత్తరం అదే తీరంలో ఉత్తరాన ఉన్న హామర్‌ఫెస్ట్ ఊరు చేరడానికి వేసవిలో మూడు వారాలు, చలికాలంలో అయిదు నెలల దాకా పట్టేదట. ఆ దారిలో ఓడ నడపమంటే, చీకట్లో, రాళ్ల మధ్య మా వల్ల కాదని కంపెనీలు చేతులెత్తేశాయి. రిచర్డ్ విత్ అనే కెప్టెన్ మాత్రం సరేనన్నాడు. అతనూ, ఓడకి దారి చూపే పైలట్ ఆండర్స్ హోల్టే కలిసి ఏ దిక్కుకి ఎంతసేపు పోవాలో దిక్సూచీ, గడియారం చూసి ముందే రాసిపెట్టుకున్నారు. 1893 జులై 2న వెస్టరోలెన్ అనే ఓడ ట్రోండ్‌హైమ్‌లో బయలుదేరి 67 గంటల్లో హామర్‌ఫెస్ట్ చేరింది. గమనించారా? బయటికి చూడకుండా ప్రయాణించడమే ఈ సర్వీసుకు పునాది. ఆ పెద్దావిడను ఏమని తప్పుపడతాం, సంప్రదాయం పాటిస్తోంది.

నార్వే వాళ్లకు చూడటం చేతకాదని కూడా అనలేం. 2011లో అక్కడి ప్రభుత్వ టీవీ ఈ ప్రయాణాన్ని 134 గంటలు ఏకబిగిన ప్రత్యక్ష ప్రసారం చేస్తే దేశం సోఫాల్లో కూర్చుని కళ్లప్పగించి చూసింది. రేవుల్లో జెండాలు పట్టుకుని జనం ఓడకి చేతులూపారు. అంటే తెర మీదైతే చూస్తారు, ఒడ్డు మీదినుంచైతే చూస్తారు. ఓడ ఎక్కితేనే ఊలు గుర్తొస్తుంది.

సూర్యుడి కణాల వల్ల అక్కడి రాత్రి ఆకాశంలో మెరిసే ఉత్తర కాంతుల సంగతి మరీ దారుణం. చలికాలంలో పూర్తి ప్రయాణం చేసినా అవి కనబడకపోతే ఇంకో ప్రయాణం ఉచితమని కంపెనీ హామీ కూడా ఇచ్చింది. సూర్యుడి మీదినుంచి వచ్చే కణాలకి మనిషి పూచీ పడటం ఇంతకుముందు విన్నామా? నడిరాత్రి మైకులో ప్రకటన రాగానే పర్యాటకులు పైజామాల మీద కోట్లు తగిలించుకుని మెట్లెక్కి పరిగెడతారు. లాంజ్‌లో కునుకు తీస్తున్న స్థానికుడు ఇటునుంచి అటు తిరిగి పడుకుంటాడు. చిన్నప్పటినుంచీ ఇంటి పెరట్లోంచి చూశాడట! ఇదొక సాకా?

నా సూచన ఒక్కటే. రేవులో టికెట్‌తో పాటు ఒక పరీక్ష పెట్టాలి. కొండను చూసి కనీసం ఒక్కసారి ‘అబ్బా’ అనని వాళ్లని ఎక్కనివ్వకూడదు. అప్పుడు వాళ్లు ఆసుపత్రికి, పెళ్లికి, పక్క ఊరికి ఎలా వెళ్తారని కొందరు అడగవచ్చు. అందమైన తీరంలో ఇల్లు కట్టుకునే ముందే అది ఆలోచించుకోవాల్సింది. కింద సరుకుల గదిలో ప్రయాణించే చేపల పెట్టెలకు మాత్రం మినహాయింపు ఇవ్వవచ్చు. ఆ తీరాన్ని వాటంత దగ్గరగా చూసినవాళ్లు ఓడలో ఇంకెవరూ లేరు.