ముందు వాయించేవారి ముప్పావు గంట

న్యూజెర్సీలోని ఒక ఇంట్లో, ఆదివారం సాయంత్రం, పదిమంది మిత్రుల ఎదుట నడిచిన వాదం ఇది. వాదించినవారు బావా బావమరుదులు. బావ చిన్నతనంలో తెనాలిలో మృదంగం నేర్చుకుని, 1991లో చదువు కోసం అమెరికా వచ్చినవాడు. ఆయన తర్వాత ఇరవై ఏళ్లకు వచ్చిన బావమరిది జామ్ బ్యాండ్ల కచేరీల రికార్డింగులను వందల కొద్దీ పోగుచేసుకున్నవాడు. పాటను బయలుదేరే చోటుగా మాత్రమే ఉంచుకుని, వేదిక మీద అప్పటికప్పుడు సంగీతాన్ని అల్లుకుంటూ పోయే బృందాన్ని జామ్ బ్యాండు అంటారు. వెర్మాంట్ రాష్ట్రంలో 1983లో పుట్టిన ఫిష్ అటువంటిది. అది 1992 వేసవిలో పేరుమోసిన గిటార్ వాద్యకారుడు కార్లోస్ సాంటానా కచేరీలకు ముందు వాయించే ఓపెనింగ్ యాక్ట్‌గా ఊరూరా తిరిగింది. అలా తిరగడం అటువంటి బృందానికి మేలా, చేటా అన్నదే ఇక్కడి విషయం.

బావమరిది: చేటు అన్నది నా పక్షం. జామ్ బ్యాండు చేతిలోంచి సమయాన్ని లాక్కుంటే మిగిలేవి ఉత్త పాటలే. ఆ పాటల్లో చాలామటుకు విడిగా విన్నప్పుడు అంత గొప్పవి కావని అభిమానిగా నేనే ఒప్పుకుంటాను. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే జామ్ బ్యాండు వారి ‘డార్క్ స్టార్’ 1968లో సింగిల్‌గా వచ్చినప్పుడు మూడు నిమిషాలైనా లేదు, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అదే పాటను 1969 ఫిబ్రవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫిల్మోర్ వెస్ట్‌లో 23 నిమిషాల పాటు విప్పి వాయించినప్పుడు గానీ అందులో ఏముందో లోకానికి తెలియలేదు. ఆల్‌మన్ బ్రదర్స్ అనే మరో బృందం వారి ‘విప్పింగ్ పోస్ట్’ స్టూడియోలో ఐదు నిమిషాల చిల్లర. 1971 మార్చిలో న్యూయార్క్‌లోని ఫిల్మోర్ ఈస్ట్‌లో అది కూడా 23 నిమిషాలు సాగి ఎల్పీ రికార్డులో ఒక పక్కను పూర్తిగా ఆక్రమించింది. ముందు వాయించేవారని ముప్పావు గంట ఇచ్చి దిగిపొమ్మంటే ఇటువంటి పాటకు చోటెక్కడుంటుంది, బావా?

బావ: నువ్వు లెక్కలతో మొదలుపెట్టావు కనుక నేను ఒక సాయంత్రంతో మొదలుపెడతాను. 1992 వేసవిలో ముగ్గురు రూమ్మేట్లతో కలిసి సాంటానా కచేరీకి వెళ్లాను. వుడ్‌స్టాక్‌లో జరిగిన పెద్ద సంగీతోత్సవంలో వాయించిన మనిషిని కళ్లారా చూడాలన్నదే కోరిక. ఆయనకు ముందు ఎవరు వాయిస్తారో టికెట్టు మీద చదవను కూడా లేదు. ఇంకా వెలుతురుంది, జనం కూర్చునే చోటు వెతుక్కుంటున్నారు, వేదిక మీద గౌను తొడుక్కున్న డ్రమ్మర్ ఒకడు కనిపించాడు. సర్కస్ అనుకున్నాను. పది నిమిషాలు గడిచాక గిటార్ వాయించే ట్రే అనస్టాసియో ఒక చిన్న పలుకు వదిలితే, పియానో దగ్గరున్న పేజ్ మెక్‌కానెల్ దాన్ని అందుకుని కాస్త మార్చి తిరిగి ఇవ్వడం, డ్రమ్మర్ ఆ మార్పును పసిగట్టి నడకను సవరించడం చూశాను. మృదంగం దగ్గర కూర్చున్నవాడికి అది వేరే ఎవరూ చెప్పక్కరలేదు. నీ రికార్డింగులేవీ అప్పటికి నాకు తెలియవు. ఆ ముప్పావు గంట లేకపోతే వారి సంగీతం నా దాకా వచ్చేదే కాదు.

బావమరిది: మీరొక్కరు మారినంత మాత్రాన ఆ పద్ధతి మంచిదని తేలదు. ఆ రోజు మీ పక్కన కూర్చుని, సాంటానా ఎప్పుడు వస్తాడా అని గడియారం చూసుకున్నవారి సంగతి మీరు చెప్పలేదు. నా అభ్యంతరం శ్రోతల గురించి కూడా కాదు, వాయించేవారి గురించి. మనోధర్మానికి, అంటే అప్పటికప్పుడు అల్లుకుని వాయించడానికి, తప్పు చేసే స్వేచ్ఛ కావాలి. ఫిష్ ఎక్కడ తయారైంది? వెర్మాంట్‌లోని బర్లింగ్టన్‌లో నెక్టర్స్ అనే చిన్న బారులో. అక్కడ వరుస రాత్రులు, రాత్రికి మూడు విడతలుగా, ముక్కూమొహం తెలిసిన కొద్దిమంది ఎదుట వాయించేవారు. తోచినది చేసి చెడగొట్టినా మర్నాడు మళ్లీ అదే వేదిక ఉండేది. 1992లో వచ్చిన ఆల్బమ్‌కు ఆ యజమాని పేరునే పెట్టుకున్నారంటే అది వారికి ఎటువంటి బడో తెలుస్తోంది. అలాగే సాధన గదిలో వారు చేసిన అభ్యాసం ఒకటుంది: ఒకరు ఒక చిన్న వరుసను తిప్పుతూ ఉంటే మిగిలిన ముగ్గురూ దానికి అతికేలా తమ తమ వరుసలు కట్టాలి, పక్కవారు వాయిస్తున్నది నిజంగా చెవిన పడిందనిపించినప్పుడు ‘హే’ అనాలి. మీరు ఆ సాయంత్రం మెచ్చుకున్న ఆ అందుకోవడం అక్కడ పట్టుబడింది. అరువు వేదిక మీద పట్టుబడలేదు.

బావ: పట్టుబడిన చోటు అదేనని ఒప్పుకుంటాను. అయితే పట్టుబడిందో లేదో తేలేది ఎక్కడ? కచేరీలో తని ఆవర్తనం, అంటే మృదంగం ఒంటరిగా వాయించే భాగం, వంతు వచ్చినప్పుడు, ప్రధాన గాయకుడు మృదంగం వాడి వైపు వంగి ఐదే నిమిషాలని చెప్పడం నేను చాలాసార్లు అనుభవించాను. మొదట్లో చిన్నబుచ్చుకునేవాణ్ణి. తర్వాత తెలిసినదేమిటంటే, అరగంట ఇచ్చినప్పుడు వెతుక్కుంటూ వాయించేవాణ్ణి, ఐదు నిమిషాలిచ్చినప్పుడు వెతుక్కోవడానికి వీల్లేక చెప్పదలచుకున్నదే వాయించేవాణ్ణి. ఆకాశవాణి అరగంట కచేరీల్లో రాగం, కృతి, నాలుగు ఆవర్తాల స్వరకల్పన సరిపెట్టి, ఎర్రలైటు ఆరేలోపు మంగళం పాడేసిన విద్వాంసులు మనకు కొరతా? ఇక ఫిల్మోర్ ఈస్ట్ అన్నావు. ఆ మార్చి కచేరీల ప్రకటనల్లో పెద్దపీట గిటారిస్టు జానీ వింటర్‌ది, ఆల్‌మన్ సోదరులది కాదు. నీ 23 నిమిషాల పాట ఇంకొకరి పేరు మీద వచ్చిన జనం ఎదుటే పుట్టింది.

బావమరిది: ఆ జనం వారి కోసమూ వచ్చారు, బావా. ఆ హాలులో వారు అప్పటికే చాలాసార్లు వాయించి ఉన్నారు.

బావ: సరే, అది వదిలేసి దానికి ఏడాది ముందుకు వెళ్దాం. 1970 ఏప్రిల్‌లో ఫిల్మోర్ వెస్ట్‌లో నాలుగు రాత్రులు గ్రేట్‌ఫుల్ డెడ్‌కు ముందు వాయించినది ఎవరు? జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్! నలభైనాలుగో ఏట, పాతికేళ్ల జాజ్ చరిత్రను భుజాన వేసుకున్న మనిషి, జుట్టు పెంచుకున్న కుర్రాళ్ల కచేరీకి ముందు వేదిక ఎక్కాడు. డెడ్ బృందంలో బాస్ వాయించిన ఫిల్ లెష్, ఆయన వాయించాక మనం వెళ్లి ఏం వాయిస్తామని బెంగపడినట్టు తన ఆత్మకథలో రాసుకున్నాడు. ముందు వాయించడం వల్ల మైల్స్ ఏమి కోల్పోయాడో నువ్వు చెప్పాలి. (ఇంకొక్క మాట, వాదానికి సంబంధం లేకపోయినా చెప్పకుండా ఉండలేను. ఆ డెడ్ బృందంలోని డ్రమ్మర్ మిక్కీ హార్ట్ తబలా విద్వాంసుడు అల్లా రఖా దగ్గర తాళాలు నేర్చుకున్నాడు. పదకొండు అక్షరాల నడకలో వాళ్లు కట్టిన పాట పేరు ‘ది ఎలెవెన్’. ఆ లెక్క విన్నప్పుడు నాకు మా గురువుగారి అరుగు గుర్తొస్తుంది.)

బావమరిది: మైల్స్ ఉదాహరణ మీకు కాదు, నాకే పనికొస్తుంది. ఆ ఏప్రిల్ 10 నాటి కచేరీ తర్వాత ఆల్బమ్‌గా వచ్చింది. అది ఎంత ఉందో తెలుసా? రెండు ఎల్పీలు! ఆ ఫిల్మోర్ హాళ్లను నడిపిన బిల్ గ్రాహం తన హాళ్లలో జాజ్‌నీ బ్లూస్‌నీ రాక్‌నీ కావాలనే ఒకే రాత్రిలో కలిపేవాడు. ముందు వచ్చినవారికీ ఆయన తీరిగ్గా వాయించుకునేంత సమయం ఇచ్చాడు. పెద్ద ఆరుబయలు వేదికలో, పెద్ద పేరున్నవారి కచేరీకి ముందు వాయించడం వేరు. వారి సామాను అప్పటికే వేదిక నిండా సర్ది ఉంటుంది, మీరు దాని ముందు మిగిలిన జాగాలో సర్దుకోవాలి. సౌండ్ సరిచూసుకోవడానికి ముఖ్య బృందం తమది సరిచూసుకున్నాక మిగిలిన నిమిషాలే మీవి, ఒక్కోసారి అవీ ఉండవు. దీపాలు వాడనివ్వరు, లేదా పొద్దు కుంకదు. ఒకరినొకరు వినడమే ప్రాణమైన సంగీతంలో పక్కవాడి పియానో చెవికి అందకపోతే మనోధర్మం ఎలా నడుస్తుంది? ఆ స్థితిలో ఏ బృందమైనా చేసేది ఒకటే, బాగా కుదిరిన నాలుగైదు పాటలు ఎంచుకుని తప్పులు లేకుండా వాయించి దిగిపోవడం. తప్పులు లేకుండా వాయించాలని జామ్ బ్యాండు నిశ్చయించుకున్న రోజున అది జామ్ బ్యాండు కాదు.

బావ: సామాను గురించీ సౌండ్ గురించీ నువ్వు చెప్పినదానికి నా దగ్గర జవాబు లేదు, అది నిజం. కానీ ఆ వేసవిలో జరిగిన ఇంకో సంగతిని నీ లెక్కలో వేసుకోలేదు. సాంటానా వారిని ముందు వాయించి వెళ్లిపోయేవారిగా చూడలేదు; తన వేదిక మీదికి పిలిచి కలిసి వాయించాడు. ఆయన వారికి ఒక పోలిక చెప్పాడని వారే తర్వాత చెప్పుకున్నారు: శ్రోతలు పూలతోట, సంగీతం నీరు, వాయించేవాడు నీటిగొట్టం మాత్రమేనని. ఫిష్ అభిమానులు ఈనాటికీ, జామ్ బాగా కుదిరిన క్షణాన్ని ఆ గొట్టం పేరుతోనే పిలుస్తారు. నీ వంటివారి నోట దొర్లే మాట, నువ్వు చేటు అంటున్న ప్రయాణంలో పుట్టింది.

బావమరిది: మాట పుట్టింది, కాదనను. శ్రోతలు మాత్రం టేపుల్లోంచి పుట్టుకొచ్చారు. గ్రేట్‌ఫుల్ డెడ్ 1984లో కచేరీల్లో రికార్డు చేసుకునేవారికి ప్రత్యేకంగా చోటు కేటాయించింది. ఫిష్ కూడా అదే దారిలో రికార్డింగులను అడ్డుకోలేదు. క్యాసెట్ చేతులు మారుతూ ఊళ్లు దాటింది. 1994 డిసెంబరు 30న వారు న్యూయార్క్‌లోని పెద్ద హాలు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మొదటిసారి వాయించేసరికి ఆ హాలును నింపినది ఎవరి పేరు అరువూ కాదు. ఆ మలి కాలంలో, 2017లో, అదే హాలులో పదమూడు రాత్రులు ఒక్క పాటైనా తిరిగి వాయించకుండా 237 పాటలు వాయించినప్పుడు కొన్ని రాత్రులు నేనూ ఉన్నాను. ‘లాన్ బాయ్’ అనే చిన్న పాట అరగంట దగ్గరికి వెళ్లిన రాత్రి ఆ వరుసలోదే. అది ఇంకొకరి కచేరీకి ముందు జరుగుతుందా?

బావ: జరగదు. అయితే 1994లో గార్డెన్‌ను నింపిన అదే బృందం 1996 జూలైలో ఏమి చేసింది? యూరప్ వెళ్లి మళ్లీ సాంటానాకు ముందే వాయించింది. నెల తిరగ్గానే ఆగస్టులో, న్యూయార్క్ రాష్ట్రంలోని ప్లాట్స్‌బర్గ్‌లో పాత వైమానిక స్థావరంలో వారి సొంత ఉత్సవానికి సుమారు డెబ్బై వేలమంది వచ్చారు. డెబ్బై వేలమందిని రప్పించుకోగల స్థోమత ఉన్నవారు, తామెవరో ఎవరికీ తెలియని దేశాల్లో ముప్పావు గంటకు ఒప్పుకున్నారంటే, అది గతిలేక చేసిన పని కాదు.

బావమరిది: చేశారు, నిజమే. కానీ యూరప్ వారికి ఏమి నేర్పిందో చూడండి. 1997లో మళ్లీ వెళ్లినప్పుడు సాంటానా లేడు. చిన్న హాళ్లలో, తమ పేరు మీద, కొన్ని వందలమంది ఎదుట వాయించారు. మార్చి 1న హాంబర్గ్‌లో రికార్డు చేసినది ఆల్బమ్‌గా వచ్చింది కూడా. సోలోలు తగ్గించి, నలుగురూ ఒకే నడకలో మునిగిపోయి వాయించే ఆ కొత్త పద్ధతి అక్కడే స్థిరపడిందని విన్నవారందరూ ఒప్పుకుంటారు. పెద్ద వేదిక మీద అరువు సమయంలో దొరకనిది, చిన్న హాలులో సొంత రాత్రిలో దొరికింది. ఇంతకంటే నాకు సాక్ష్యం అక్కరలేదు.

బావ: ఆ పద్ధతికి బీజం హాంబర్గ్‌కు నాలుగు నెలల ముందుది. 1996 అక్టోబరు 31న అట్లాంటాలో టాకింగ్ హెడ్స్ అనే రాక్ బృందం వారి ‘రిమెయిన్ ఇన్ లైట్’ ఆల్బమ్‌ను మొత్తం వాయించారు; నువ్వన్న ఆ మునిగిపోయే నడక అలవడడం అక్కడ మొదలైందని నువ్వే నాకు పోయిన దీపావళికి చెప్పావు. ఆ రాత్రి వారి పక్కన కూర్చుని కాంగాలనే డోళ్లు వాయించి, మరి రెండు రోజులకు ఫ్లోరిడా కచేరీలోనూ వాయించిన కార్ల్ పెరాజో ఎవరి బృందంలోని మనిషి?

బావమరిది: సాంటానా బృందంలోని మనిషి.

బావ: ఆ మనిషి సాంటానా వేదిక దాటి వీరి పక్కకు వచ్చిందెలా?

బావమరిది: ఒకే బస్సుల వరుసలో తిరగడం వల్ల స్నేహం కుదిరింది, అనుకుందాం. అయినా అది తెర వెనుక జరిగింది, ముప్పావు గంటలో జరగలేదు. ఓపెనింగ్ యాక్ట్‌గా తిరగడం మనుషులను కలుపుతుందంటే నేను కాదనను, సంగీతాన్ని పెంచుతుందంటేనే ఒప్పుకోను.

బావ: ఆ రెంటినీ విడదీయడం నాకు చేతకాదు. సరే, ఒక్కటి చెప్పు. ఆ 1992 వేసవిలో సాంటానాకు ముందు వాయించిన రికార్డింగులు నీ దగ్గర ఉన్నాయా?

బావమరిది: ఉన్నాయి బావా.

బావ: వాటిలో వారు ఎలా వాయించారు?

బావమరిది: ముప్పావు గంటే కదా అని, ఒక్కటీ ఇంతవరకూ పెట్టి వినలేదు.