రెడీమేడ్ రిప్లై గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ రెడీమేడ్ రిప్లై గారికి,

నమస్కారాలు. మెసేజ్ రాగానే దాని కింద చిన్న చిన్న గడుల్లో చేతులు కట్టుకుని నిలబడే తమ సేవాభావానికి జోహార్లు. ‘మీటింగ్ ఐదింటికి’ అని వస్తే ‘సరే’ తమరే అందిస్తారు. సంతోషం. అక్కడ మా బుర్ర ఖర్చు కావాల్సిన పనేమీ లేదు.

నిన్న మా బాబాయి పోయాడు. స్నేహితులకు కబురు పంపాను. ‘చాలా బాధాకరం.’ ‘చాలా బాధాకరం.’ ‘చాలా బాధాకరం.’ ఒకరి మొహం ఒకరికి తెలియని మనుషులు. అందరిదీ అదే మాట, చివర అదే చుక్క. జన్మలో వాక్యం చివర చుక్క పెట్టి ఎరగనివాడు కూడా పెట్టాడు. అక్కడే దొరికిపోయారు తమరు. (ఒకడు బొటనవేలు ఎత్తి చూపించాడు. బాబాయి పోవడం వాడికి నచ్చినట్టుంది. వాడి సంగతి ఇంకో ఉత్తరంలో.)

తమ బాల్యం గురించి చదివాను. 2015లో గూగుల్ వాళ్ల ‘ఇన్‌బాక్స్’ అనే మెయిల్ యాప్‌లోకి రాకముందు, పరీక్షల దశలో, ఏ మెయిల్‌కైనా ‘ఐ లవ్ యూ’ అని జవాబు సూచించేవారట. ఇంజినీర్లు కంగారుపడి ఆ అలవాటు మాన్పించారు. ఎందుకు మాన్పించారో! అప్పుడైతే మాట్లాడుతున్నది మనిషి కాదని వెంటనే తెలిసిపోయేది.

వస్తువులు ముందు మారిపోతాయి, వాటితో ఎలా మెలగాలో చెప్పే పద్ధతులు వెనకబడతాయి అని విలియం ఆగ్‌బర్న్ అనే సామాజిక శాస్త్రవేత్త 1922లోనే రాశాడు. టెలిఫోన్ కొత్తలో జరిగిందీ అదే. ఎత్తగానే ‘అహోయ్’ అనాలని బెల్, ‘హలో’ అనాలని ఎడిసన్. ఎంత చిన్న విషయమైనా దాన్ని తేల్చుకుంది మనుషులే. తమరు మాకు ఆ వ్యవధి కూడా ఇవ్వలేదు. చావు కబురు తెరమీద చదివినప్పుడు ఏమనాలో మేమింకా నేర్చుకోనేలేదు, తమరు మా తరఫున అనేశారు.

‘టైపింగ్’ అని కనబడుతుందేమోనని చూస్తూ కూర్చున్నానయ్యా. కనబడి, ఆగిపోయి, మళ్లీ కనబడాలి. అవతల ఎవరో రాసి, చెరిపి, చివరికి ‘ఏం చెప్పాలో తెలియట్లేదురా’ అని పంపాలి. నాకు కావాల్సింది ఆ తడబాటే. అదీ మింగేశావు కదా! ఓదార్పు నీకెందుకు? నీకెవరు పోయారు?

నా ఫోన్‌లో నిన్ను ఆపేశాను. మిగతావాళ్ల ఫోన్లలో ఎలా ఆపాలో చెప్పి చావు.

ఇట్లు,
జవాబు రాని మనిషి