మైనస్ మహాశయులు

బీమా కంపెనీకి సాల్వెన్సీ నిష్పత్తి 1.5 ఉండాలి. అప్పులన్నీ పోగా ఎంత మిగులు ఉండాలని నిబంధన చెబుతుందో, దానికి ఒకటిన్నర రెట్లు చేతిలో ఉంచుకోవాలన్నమాట. సాధారణ బీమాలో ఆ మిగులు స్థూలంగా ప్రీమియంలో 20 శాతం, లేదా క్లెయిముల్లో 30 శాతం, ఏది ఎక్కువైతే అది. ఎంత ముచ్చటైన నిబంధన! దీనికి కాపలా మన హైదరాబాద్‌లోని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ.

ఉత్తుత్తి కాపలా కాదు సుమా. ప్రైవేటు కంపెనీ రిలయన్స్ హెల్త్ నిష్పత్తి 2019 సెప్టెంబరుకల్లా 0.63కి జారితే, నవంబరులో కొత్త పాలసీలు అమ్మొద్దని హుకుం జారీ అయింది. శభాష్!

మరి నేషనల్, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా? మూడూ సర్కారు బీమా కంపెనీలే. 2024 మార్చి నాటికి మూడింటి నిష్పత్తీ సున్నా కిందే. ఓరియంటల్ మైనస్ 1ని కూడా దాటేసింది. 2019-20 నుంచి మూడేళ్లలో కేంద్రం పోసిన 17,450 కోట్లు ఏ ఇసుకలో ఇంకాయో గానీ, అమ్మకాలు మాత్రం దివ్యంగా సాగాయి.

ఈ విద్య పాలసీదారుడూ నేర్చుకుంటే?

"మేనేజర్ గారూ, ఈ ఏడు నా ప్రీమియం మైనస్‌లో ఉందండి."

"అంటే కట్టలేదు."

"అంత మాటనకండి. మూలధనం సమకూర్చుకుంటున్నాను. మా మామగారు మూడు విడతలు పోశారు, ఆనవాలు లేదు. నాలుగో విడతకి ఆయన్ని ఒప్పిస్తున్నాం."

"గడువు దాటిందండీ. పాలసీ పోయింది."

"మీ గడువు దాటలేదా సార్?"

"మా వెనక ప్రభుత్వం ఉంది."

"నా వెనక మా ఆవిడ ఉందండి. ఆవిడ పూచీ మీద ఓ సడలింపు ఇప్పించండి."

మేనేజర్ గారు మంచినీళ్లు తాగి, "కొత్త పాలసీ తీసుకోండి. వెయిటింగ్ పీరియడ్ మళ్లీ మొదటినుంచీ," అన్నారు.

అక్కడే ఒళ్లు మండుతుంది. షుగరు, బీపీ ఉన్న ముసలాయన వాటి క్లెయిముకు మళ్లీ మూడేళ్లదాకా ఆగాలి. ఇక వీళ్లో? 2016-17 నుంచి అయిదేళ్లలో ఈ మూడింటితో కలిపి నాలుగు సర్కారు కంపెనీలకు ఆరోగ్య బీమాలో 26,364 కోట్ల నష్టమని కాగ్ లెక్క తేల్చింది. గ్రూపు పాలసీలను క్లెయిములకు చాలని ధరకు అమ్మారు. పెద్ద కంపెనీల ఉద్యోగులకు చవక బేరం, ఆ లోటు పూడ్చేది మన పన్నులు! ఆ 1.5 పాలసీదారుడి సొమ్ముకు భద్రతగా పెట్టిన హద్దు. ప్రైవేటువాడు దాటితే కొట్టు మూయిస్తారు, సర్కారు దాటితే బస్తాలు మోసుకొస్తారు. అలాంటప్పుడు 1.5 అని ఎందుకు రాయడం? "ప్రభుత్వానివి కాని కంపెనీలకు మాత్రమే" అని పక్కనే రాసేయండి, పీడా పోతుంది.