సవరణ: కడియం నర్సరీల నీడ లెక్క

కడియం, కడియపులంక కుటుంబ నర్సరీల చరిత్ర రాసిన మొన్నటి పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. మన్నించండి.

ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. 1952 అని పడింది.

రెండోది మొక్కల ప్రాణం మీదికొచ్చే తప్పు. 75 శాతం షేడ్‌నెట్ (నీడ కోసం కట్టే వల) అంత వెలుగును లోపలికి వదులుతుందన్నట్టు రాశాను. నిజానికి అది అంత వెలుగును ఆపేది, లోపలికి వదిలేది కాదు. దాని కింద గులాబీ పెడితే కొమ్మలు సన్నగా సాగుతాయి, మొగ్గ తగ్గుతుంది, ఆకు తడి ఆరక నల్లమచ్చ పడుతుంది. గులాబీకి ఆరుబయలే మేలు. క్రోటన్లకు 50 శాతం చాలు, రంగు తేలుతుంది. 75 శాతం నెట్ నీడ కోరే ఆంథూరియం లాంటి పూలమొక్కలకు.

పాతకాలపు కొబ్బరాకుల పందిరి ఎండి రాలేకొద్దీ నీడ పల్చబడి, నారు ఎండకు అలవాటుపడేది. నెట్ పల్చబడదు కాబట్టి అమ్మేముందు వారం, పది రోజులు మొక్కల్ని విడతలుగా ఎండకు మార్చాలి.