తాళం చెవి కూడా కాంట్రాక్టుకేనా?

మందు (లిక్కర్) గోడౌన్లు, డెలివరీ మొత్తం ఎవరో ఒక ప్రైవేటు కంపెనీకి అప్పజెప్పేస్తే గవర్నమెంటుకి తలనొప్పి పోద్ది కదా అనేవాళ్లు నెల్లూర్లో, ఒంగోల్లో బాగానే ఉన్నారు, చెప్పేదాంట్లో కొంత నిజం కూడా లేకపోలేదు. మేము చెప్పేది మాత్రం ఒకటే. లారీలు ఇచ్చుకోండి, లోడింగ్ ఇచ్చుకోండి, డిపో (గవర్నమెంటు మందు గోడౌన్) తాళం, పెట్టెల లెక్క పట్టే స్కానరు మాత్రం ఇవ్వబాకండి.

ఎందుకంటే మన ఆంధ్రాలో 2024 అక్టోబర్‌లో లాటరీ తీసి 3,396 షాపుల్ని ప్రైవేటు వాళ్లకి ఇచ్చేశాక, మందు వ్యాపారంలో గవర్నమెంటు చెయ్యి నేరుగా పడే చోటు హోల్‌సేల్ ఒక్కటే మిగిలింది. 1986లో పెట్టిన గవర్నమెంటు బెవరేజెస్ కార్పొరేషన్ పని అదే, కంపెనీ నించి సరుకు డిపోకి రావాలి, షాపు ఓనరు ఇండెంట్ (ఇంత సరుకు కావాలని ఆర్డరు) పెట్టి డబ్బులు కట్టి అక్కడ్నించే ఎత్తుకోవాలి. ఏ పెట్టె ఎప్పుడొచ్చింది, ఎవరికి పోయింది అనే లెక్క అక్కడే ఉంటది. ఆ లెక్క రాసేవాడూ సరుకు తోలేవాడూ ఒకడే అయితే ఇంక దొంగెవడో దొర ఎవడో ఎట్ట తెలుస్తది? 2025 అక్టోబర్‌లో ములకలచెరువులో నకిలీ మందు తయారీ బయటపడ్డాక సీసా మీది కోడ్ స్కాన్ చేసి చూసుకోండని జనానికి యాప్ ఇచ్చారు, మంచిదే, కానీ తాగేవాడు కౌంటర్ దగ్గర ఫోన్ తీసి స్కాన్ చేసేదాకా వచ్చిందంటే పైన చూడాల్సిన వాళ్లు చూడలేదనే కదా.

ఇంక సరుకు సంగతికొద్దాం. బీరు పెట్టెలో 650 ఎంఎల్ సీసాలు పన్నెండు, క్వార్టర్ల పెట్టెలో 48. అట్టపెట్టె అడుగు తడిసిందంటే లోపల ఏదో పగిలినట్టే, హమాలీ దాన్ని ఎత్తగానే చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తాడు, గలగలమంటే పక్కన పెడతాడు. ఆ పగిలిన సీసా ఎవరి ఖాతాలో పడాలి? కంపెనీ లారీవాడిదంటది, లారీవాడు దించినోళ్లదంటాడు, చివరాఖరికి పెట్టెకింతని కూలి తీసుకునే మనిషి మీదకే వస్తది. కాంట్రాక్టరు తక్కువకి టెండర్ వేసి గెలిచాడంటే ఆ తగ్గించిన రూపాయి యాడ నించి తెస్తాడో అందరికీ తెల్సిందే. మే నెల నెల్లూరు ఎండలో టార్పాలిన్ కింద బీరు లోడు మధ్యాహ్నమంతా నిలబెట్టి ఉదయగిరి రోడ్డెక్కిస్తే ఆ బీరు ఏమైద్దో తాగేవాళ్లని అడిగితే సరి (మేము అడగలా).

ఇదేం మన దగ్గరే పుట్టిన ఆలోచన కాదు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా గవర్నమెంటు 2012లో తన లిక్కర్ గోడౌన్లూ డెలివరీ ప్రైవేటుకి ఇస్తానని ప్రకటించింది, ఉద్యోగుల యూనియన్ గట్టిగా పట్టుబట్టేసరికి అదే ఏడాది వాళ్లతో ఒప్పందం చేసుకుని ఆ ప్లాన్ మానుకుంది. మన హమాలీలకి అంత బలం ఉందని మేము అనుకోడంలా.

టెండర్ పెట్టక తప్పదంటే అందులో నాలుగు ముక్కలు తెలుగులో రాయమనండి. పెట్టెకి కూలి ఎంత, పగిలితే ఎవరు కట్టాలి, డిపోలో వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ స్కాన్ చేసేది గవర్నమెంటు మనిషేనా, దోవలో బండి ఆగితే ఎవరికి తెలుస్తది. ఇవి లేకుండా టెండర్ పిలిస్తే ఆ కాయితం కాంట్రాక్టర్‌కి తప్ప ఎవరికీ పనికిరాదు.

ఇక్కడ ఇంకో సంగతి గుర్తుకొస్తా ఉంది. 1992లో మన నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంట ఆడోళ్లు అసెంబ్లీకి పోయి కూర్చోలా, ఊళ్లోకి సారా రానీకుండా అడ్డం పడ్డారు. 1993లో సారా, 1995లో మొత్తం మందు బంద్ అయ్యాయి, రెండేళ్లకి మందు మళ్లీ వచ్చేసింది అనుకోండి, అది వేరే కథ. ఆ రోజు వాళ్లకి సరుకు తెచ్చేవాడెవడో మొహం తెల్సు. రేపు ఊరి బయట బెల్టు షాపు ముందు పెట్టె దిగితే మన కలిగిరి మండలం ఆడమనిషి ఎవర్ని నిలదీయాలి, కాంట్రాక్టర్నా, సబ్ కాంట్రాక్టర్నా, వాడి బండి డ్రైవర్నా?