వారాంతపు పట్టాతో గాయాలు మానవు

మానసిక గాయాలకు చికిత్స చేసే థెరపిస్టులకు గిరాకీ పెరిగింది. దాంతోపాటే రెండు రోజుల వర్క్‌షాపులు, ఆన్‌లైన్ పట్టాలు, పేరు పక్కన 'ట్రామా స్పెషలిస్టు' అని తగిలించుకోవడాలూ పెరిగాయి. ఈ వృత్తిలోకి వస్తున్న యువత తపనను మేము శంకించడం లేదు. కళ్లెదుట ఒక మనిషి నలిగిపోవడం చూసి, ఏదైనా చేయాలన్న పట్టుదలతో వస్తున్నవారే వారిలో ఎక్కువ. మా అభ్యంతరం వారిని తయారుచేసే తీరు మీద. పద్ధతి నేర్పి, చేతిలో పట్టా పెట్టి పంపేస్తున్నారు. ఆ తరవాత తలుపు మూసిన గదిలో ఏం జరుగుతోందో చూసే నాథుడు లేడు.

సదుద్దేశం ఒక్కటే చాలదని ఈ రంగం ఇదివరకే గట్టిదెబ్బ తిని తెలుసుకుంది. ప్రమాదం జరిగిన కొద్దిరోజుల్లోనే బాధితులను కూర్చోబెట్టి, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పించే 'డీబ్రీఫింగ్' 1980లలో మొదలై చాలా దేశాలకు పాకింది. లోపలిది బయటపెడితే గుండె బరువు దిగుతుందన్న నమ్మకమే దానికి పునాది. కాలిన గాయాలతో ఆస్పత్రిలో చేరినవారిపై 1997లో వెలువడిన అధ్యయనంలో లెక్క తిరగబడింది. 13 నెలల తరవాత చూస్తే, డీబ్రీఫింగ్ అందినవారిలో 26 శాతం మందికి పీటీఎస్‌డీ (ఘోర సంఘటన తరవాత భయం, పీడించే జ్ఞాపకాలు వదలని మానసిక రుగ్మత) ఉంది. అందనివారిలో అది 9 శాతమే. మొదటి గుంపువారి గాయాలు ముందునుంచే కాస్త తీవ్రమైనవన్న సంగతిని అధ్యయనకర్తలు దాచలేదు. అయినా ఆ ఒక్క సిట్టింగు మేలు చేసిందని మాత్రం తరవాతి పరీక్షలు కూడా చూపలేకపోయాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స కరదీపిక అందుకే వేరే దారి పట్టింది. పరిస్థితి చూడాలి, చెప్పినంత వినాలి, కావలసిన సాయంతో కలపాలి. నోరు విప్పమని ఒత్తిడి చేయకూడదు.

కాబట్టి ట్రామా థెరపిస్టు కావాలనుకునేవారు మొదట నేర్వాల్సింది ట్రామా కాదు. క్లినికల్ సైకాలజీలోనో కౌన్సెలింగ్‌లోనో సోషల్ వర్క్‌లోనో పీజీ, ఆపైన లైసెన్సుకు కావలసిన పర్యవేక్షిత అనుభవం. ఎన్ని గంటలన్నది దేశాన్ని బట్టి, లైసెన్సును బట్టి మారుతుంది. ఆ కాలాన్ని మామూలు కుంగుబాటు, ఆందోళన, మద్యపానం కేసుల మధ్య గడపడమే మంచిది. ఆత్మహత్య ముప్పును సూటిగా అడిగి అంచనా వేయడం, పిల్లల మీద హింస తెలిసినప్పుడు చట్టం ప్రకారం ఎవరికి చెప్పాలో తెలియడం, కోర్టు అడిగితే ఇబ్బంది రాకుండా నోట్సు రాయడం అక్కడే అలవడతాయి. గాయం ఒంటరిగా రాదు. నిద్రలేమి, తాగుడు, ఛాతీనొప్పి, ఇంట్లో గొడవ, ఏదో ఒకటి వేసుకుని వస్తుంది. ఆ పైపొరలు గుర్తించలేనివారికి లోపలి గాయం చిక్కదు.

తరవాత ఒక్క పద్ధతి. అన్నీ కొంచెం కొంచెం కాదు, ఒక్కటి లోతుగా. ఎంచుకోవడానికి గట్టి ఆధారాలున్నవి కొన్నే. ఎడ్నా ఫోవా రూపొందించిన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ భయపెట్టే జ్ఞాపకాన్ని తప్పించుకోకుండా పదేపదే ఎదుర్కొనేలా చేస్తుంది. సాధారణంగా 8 నుంచి 15 సెషన్లు, ఒక్కోటి గంటన్నర. ప్యాట్రీషియా రెసిక్ రూపొందించిన సీపీటీ (కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ) 12 సెషన్లు. 'నేను ఆ దారిన వెళ్లకపోతే ఇలా జరిగేది కాదు' వంటి బిగుసుకుపోయిన ఆలోచనలను కాగితం మీద పెట్టి విప్పుకుంటూ పోతుంది. ఫ్రాన్సిన్ షపీరో 1989లో తొలి ఫలితాలు ప్రకటించిన ఈఎండీఆర్‌లో జ్ఞాపకాన్ని తలచుకుంటూ కళ్లను అటూ ఇటూ కదిలిస్తారు. దానికి ఎనిమిది దశలున్నాయి. పిల్లలకైతే తల్లిదండ్రులనూ చికిత్సలో కలుపుకునే టీఎఫ్-సీబీటీ ఉంది. సీబీటీ అంటే ఆలోచనలనూ ప్రవర్తననూ మార్చే చికిత్స, ఇది ట్రామా మీద దృష్టిపెట్టిన దాని రూపం. ఇందులో ఏది గొప్పదన్న వాదన అనవసరం. ఏది నేర్చుకున్నా, దాన్ని గదిలో సరిగ్గా చేస్తున్నారా అన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్న ఎంత పెద్దదో ఎక్స్‌పోజర్ సెషన్‌ను దగ్గరగా చూస్తే తెలుస్తుంది. మనిషి కళ్లు మూసుకుని, జరిగినదాన్ని ఇప్పుడే జరుగుతున్నట్టు వర్తమానంలో చెబుతాడు. 'తలుపు తీస్తున్నాను, మెట్ల మీద చీకటిగా ఉంది.' ఇది 30 నుంచి 45 నిమిషాలు సాగాలి. కథ అయిపోతే మళ్లీ మొదటినుంచి. అయిదేసి నిమిషాలకోసారి థెరపిస్టు ఒక్క అంకె అడుగుతాడు, సున్నా నుంచి వందలో బాధ ఇప్పుడెంత అని. అంకె 90కి చేరినప్పుడు చేతులు చల్లబడతాయి, ఊపిరి పైపైనే ఆడుతుంది. సరిగ్గా అక్కడే కొత్తవాళ్లు తడబడతారు. ఎదుటివారి బాధ చూడలేక 'ఈ రోజుకు చాలు' అనేస్తారు. నీళ్లగ్లాసు అందిస్తారు. లేదా 'అప్పుడు మీ అమ్మగారు ఎక్కడున్నారు?' అని మాట మళ్లిస్తారు. అది దయే. కానీ ఆ దయ వల్ల మెదడుకు అందే పాఠం ఏమిటి? ఈ జ్ఞాపకం నిజంగానే భరించలేనిది, థెరపిస్టే పారిపోయాడు, అని. తప్పించుకునే కొద్దీ భయం బలపడుతుంది. పీటీఎస్‌డీని నిలబెట్టేదే ఆ తప్పించుకోవడం. మానని పుండును కెలికి, కట్టు కట్టకుండా ఇంటికి పంపినట్టే అవుతుంది.

దీనికి పూర్తిగా ఎదురైన పరిస్థితీ ఉంది. అంకె ఉన్నట్టుండి పడిపోతుంది, గొంతు చదునవుతుంది, చూపు ఒకచోట ఆగిపోతుంది. తగ్గిందని అనుభవం లేనివారు సంతోషిస్తారు. నిజానికి ఆ మనిషి గదిలో లేడు, తననుంచి తానే విడిపోయాడు. అప్పుడు కథ ఆపాలి. కళ్లు తెరిపించాలి, పాదాలు నేలకు గట్టిగా ఆనించమనాలి, గదిలో నీలంగా కనిపించేవన్నీ పేరుపెట్టి చెప్పమనాలి, ఈ రోజు తేదీ అడగాలి. 90 దగ్గర ఆగకూడదు, ఇక్కడ ఆగి తీరాలి. ఈ రెండింటికీ తేడా ఏ స్లైడూ నేర్పదు. రికార్డు చేసిన సెషన్‌ను సూపర్‌వైజరు పక్కన కూర్చుని విని, 'పదిహేడో నిమిషంలో ఎందుకు మాట మార్చావు?' అని అడిగితేనే తెలుస్తుంది.

అందుకే మేము సూపర్‌విజన్‌ను ఈ వృత్తికి వెన్నెముక అంటున్నాం. వ్యసనాల చికిత్సలో పనిచేసే కౌన్సెలర్లకు సీబీటీని మూడు రకాలుగా నేర్పి చూసిన అధ్యయనం 2005లో వెలువడింది. పుస్తకం మాత్రమే ఇచ్చినవారి కన్నా, సెమినార్‌తో పాటు ఆ తరవాత కూడా సూపర్‌విజన్ అందినవారే పనిలో స్పష్టంగా మెరుగయ్యారు. ఈఎండీఆర్ అంతర్జాతీయ సంఘం ఈఎండీఆరియా కూడా ప్రాథమిక శిక్షణలో 20 గంటల బోధనకు 20 గంటల సాధన, ఆపైన 10 గంటల కన్సల్టేషన్ (అనుభవజ్ఞులతో కేసుల చర్చ) జోడించింది. బోధన ఒక్కటే అమ్మి మిగతాది మీరే చూసుకోండి అనే కోర్సులకు డబ్బు కట్టకండి. సూపర్‌విజన్ అంటే కేసు గురించి నోటితో చెప్పడం కూడా కాదు. మనం చెప్పేటప్పుడు మన తప్పు మనకే కనిపించదు. క్లయింటు రాతపూర్వక అనుమతితో రికార్డింగ్ ఉండాలి, మొదటి ఏడాదైనా వారానికో గంట దాన్ని మరొకరు వినాలి.

కేసుల వరుస కూడా ముఖ్యం. మొదటి రెండుమూడు కేసులు పెద్దవయసులో, ఒకే సంఘటన జరిగినవారివి కావాలి. రోడ్డు ప్రమాదం, దోపిడీ వంటివి. చిన్నతనంలో ఏళ్ల తరబడి హింస పడినవారిని తొలి ఏడాదిలోనే ఒంటరిగా భుజానికెత్తుకోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా ఐసీడీ-11 2022 నుంచి అమల్లో ఉంది. అలాంటి హింస తరవాత తరచూ కనిపించే రుగ్మతను అది కాంప్లెక్స్ పీటీఎస్‌డీగా వేరుగా గుర్తించింది. అక్కడ భయంతో పాటు తన మీద తనకు అసహ్యం, ఉద్వేగాలు అదుపు తప్పడం, బంధాలు నిలవకపోవడం కలిసి ఉంటాయి. హింసించినవాడు ఇంకా అదే ఇంట్లో ఉంటే జ్ఞాపకాల జోలికి వెళ్లడం కన్నా ముందు తలదాచుకునే చోటు చూడాలి. అలాగని స్థిమితపరచడం పేరుతో నెలల తరబడి ఊపిరి వ్యాయామాలతోనే సరిపెట్టడమూ తప్పే. చాలాసార్లు సిద్ధం కానిది క్లయింటు కాదు, థెరపిస్టు.

ఇంకో ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. 'మీ లక్షణాలు చూస్తే చిన్నప్పుడు మీకేదో జరిగి ఉంటుంది, గుర్తు తెచ్చుకోండి' అనే మాట థెరపిస్టు నోట రాకూడదు. సూచనతో లేని జ్ఞాపకాలు పుడతాయని మనస్తత్వవేత్త ఎలిజబెత్ లోఫ్టస్ పరిశోధనలు చూపాయి. 1990లలో అలా 'తవ్వితీసిన' జ్ఞాపకాలతో కుటుంబాలు కోర్టుకెక్కి చీలిపోయాయి. నిజంగా దెబ్బతిన్నవారి మాటను కూడా జనం అనుమానించే స్థితి వచ్చింది. అడగవలసింది 'ఆ తరవాత ఏమైంది?' అని. 'అతను మిమ్మల్ని తాకాడా?' అని కాదు.

కొలత లేని చికిత్స చీకట్లో నడకే. పీసీఎల్-5 అనే ప్రశ్నావళిలో 20 ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు, మొత్తం 80. నింపడానికి పది నిమిషాలు పట్టదు. 31-33 దాటితే పీటీఎస్‌డీ ఉండొచ్చని అనుమానించాలి. నిర్ధారణ మాత్రం ముఖాముఖి ఇంటర్వ్యూతోనే. వారం వారం ఆ అంకెను క్లయింటుతో కలిసి గీత గీసి చూస్తే, నాలుగైదు సెషన్లకు గీత కదలకపోవడం ఇద్దరికీ కనిపిస్తుంది. కారణం వెతకడం మొదలవుతుంది. ఇంటి దగ్గర వినమన్న సెషన్ రికార్డింగు వినడం లేదా, తాగుతున్నారా, అసలు ఎక్కువగా బాధిస్తున్న సంఘటన వేరొకటా.

ఇక థెరపిస్టు మనసు సంగతి. రోజూ ఇతరుల గాయాలు వినేవారిలో లోకం పట్ల నమ్మకమే మారిపోవడాన్ని మనస్తత్వవేత్తలు మెక్‌కాన్, పెర్ల్‌మన్ 1990లో 'వికేరియస్ ట్రామటైజేషన్' అన్నారు. ఇది పనిభారంతో వచ్చే అలసట కాదు. రాత్రి తలుపు గడియ మూడుసార్లు చూసుకుంటారు. సొంత బిడ్డను పక్కింటికి కూడా పంపరు. క్లయింటు చెప్పిన దృశ్యం స్నానం చేస్తుండగా కళ్లముందుకు వస్తుంది. దీనికి మందుగా సంస్థలు యోగా తరగతి, ఒక పూట సెలవు చూపిస్తున్నాయి. లెక్క చూడండి. గంటన్నర సెషన్లు మూడైతే నాలుగున్నర గంటలు. ఒక్కోదానికి నోట్సు, ఊపిరి తీసుకునే వ్యవధి కలిపి అరగంట వేసుకుంటే ఆరు గంటలు. జ్ఞాపకంలోకి దిగే సెషన్లు రోజుకు మూడు దాటకూడదని మా అభిప్రాయం. మిగతా సమయం మామూలు కేసులకు, సూపర్‌విజన్‌కు పోవాలి. రోజుకు ఎనిమిది మందిని చూడమనే చోట ఎవరూ ఎక్కువ కాలం నిలవరు. నిలిచినవారు జ్ఞాపకాల దగ్గరికి వెళ్లడమే మానేసి, కబుర్లతో గంట గడిపేస్తారు.

ఆస్పత్రులు, స్వచ్ఛంద సంస్థలు నియామక పత్రంలోనే మూడు విషయాలు రాయాలి. వారానికి గంట సూపర్‌విజన్ పని గంటల్లోనే, సంస్థ ఖర్చుతోనే. ట్రామా కేసులకు పైపరిమితి. రాత్రివేళ ఆత్మహత్య ముప్పు ఎదురైతే ఎవరికి ఫోన్ చేయాలో ఒక పేరు. కొత్తవారి జీతంలోంచి సూపర్‌వైజరు ఫీజు కట్టించుకోవడం ఆగాలి. ఆ ఫీజు భరించలేకే చాలామంది పర్యవేక్షణ మానేస్తున్నారు. లైసెన్సు ఇచ్చే మండళ్లు శిక్షణ గంటలను మాత్రమే లెక్కపెట్టకుండా, విని మార్కులు వేసిన రికార్డింగులు ఎన్నో కూడా అడగాలి.

చికిత్స కోసం వెళ్లేవారికీ అడిగే హక్కుంది. మొదటి సిట్టింగులోనే అడగండి: మీరు వాడే పద్ధతి పేరేమిటి, అందులో ఎన్ని కేసులు పూర్తిచేశారు, మీ సెషన్లను ఎవరు వింటారు, ఆరు వారాలకు నాలో మార్పు రాకపోతే ఏం మారుస్తారు? మంచి థెరపిస్టు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు.