తోరణం మనది, మరి మోటుపల్లి ఎవరిది?

తెలంగాణ రాష్ట్ర చిహ్నంలోంచి కాకతీయ తోరణం తీసేస్తారన్న మాట 2024లో వినిపించగానే ఓరుగల్లులో రాజకీయం ఎంత వేడెక్కిందో మళ్లీ చెప్పక్కర్లేదు. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి సంబరం కూడా అందరికీ గుర్తే. కాకతీయులంటే ఇంత అభిమానం ఉన్నవాళ్లం, వాళ్ల సామ్రాజ్యానికి సముద్రపు వాకిలిగా ఉన్న ఊరిని మాత్రం పూర్తిగా వదిలేశాం.

ఆ ఊరు మోటుపల్లి. ఇప్పుడు బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో ఒక పల్లె. గ్రూప్-2కి చదివే పిల్లలకు బాగా తెలుసు: అభయ శాసనం వేయించింది ఎవరు? గణపతిదేవుడు. ఒక మార్కు వచ్చేస్తుంది, మోటుపల్లితో మన పని అయిపోతుంది.

అసలు ఆ శాసనంలో ఏముందో చదివితే ఒక పట్టాన వదలబుద్ధి కాదు. 1244-45 నాటిది, అక్కడి వీరభద్రాలయంలో ఉంది. తుపానుకు దారితప్పి, పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని గణపతిదేవుడు దాపరికం లేకుండా చెక్కించాడు. ప్రాణం కన్నా ధనమే గొప్పదనుకుని సముద్రం దాటే సాహసం చేసినవాళ్ల సొత్తు వాళ్లకే వదిలేస్తున్నామనీ, నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ తీసుకోబోమనీ ప్రకటించాడు. ఎగుమతైనా దిగుమతైనా సుంకం 30వ వంతు. గంధపు చెక్క, కర్పూరం, ముత్యాలు, ఏనుగు దంతం, పట్టు, మిరియాలు... దేనికెంతో విడివిడిగా రాయించాడు. దేశం కాని దేశం నుంచి వచ్చిన వ్యాపారికి రేటు ముందే తెలిసిపోతుంది. రేవులో ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. భూమి రిజిస్ట్రేషన్‌కి వెళ్తే ఎంత ఖర్చవుతుందో ఈ రోజుకీ ముందే చెప్పలేం కదా!

తర్వాత కొన్ని దశాబ్దాలకు మార్కోపోలో ఈ తీరం గురించి రాస్తూ సాలెగూడంత సన్నటి బట్టల్నీ, వజ్రాల్నీ, న్యాయంగా పాలించిన రాణినీ మెచ్చుకున్నాడు. ఆ రాణి మన రుద్రమదేవేనని చరిత్రకారుల మాట. నన్నడిగితే రామప్ప శిల్పాన్ని ఎంత గొప్పగా చెప్పుకుంటామో, ఈ సుంకాల పట్టికనూ అంత గొప్పగా చెప్పుకోవాలి.

ఉప్పుగాలికి, తుపాన్లకు నిలవని తీరప్రాంత కట్టడాల మీద డబ్బు పోయడం దండగనీ, అదీ పక్క రాష్ట్రంలో ఉన్నవాటి గోల మనకెందుకనీ అనేవాళ్లున్నారు. 1864 ఉప్పెన దాదాపు 30 వేల మందిని మింగిన బందరులో డచ్చివాళ్ల సమాధులు ఇంకా ఉన్నాయి. ఇక రాష్ట్రం రెండయింది 2014లో, 1244లో కాదు.

అసలు జబ్బు వేరే ఉంది. మన లెక్కలో వారసత్వం అంటే గుడి, లేదంటే కోట. రేవు, గోదాము, సుంకపు చావడి, మిల్లు, జైలు లాంటివి ఆ జాబితాలోకి రావు. తీరంలో చిన్న ఊళ్ల పాత కట్టడాలు పోతున్నది ఇందుకే, వరంగల్‌లో పోయిందీ ఇందుకే. 1934లో మొదలై వేల కుటుంబాలకు అన్నం పెట్టిన ఆజంజాహీ బట్టల మిల్లు స్థలం ప్లాట్లయింది. ఖైదీలు నేసిన తివాచీలకు పేరుపడ్డ నిజాం కాలపు సెంట్రల్ జైలును 2021లో ఆసుపత్రి కోసం నేలమట్టం చేశారు. ఆసుపత్రి కావాలి, కాదనేవాడెవడు? కానీ ఒక్క గోడనో, ఒక్క గేటునో మిగిల్చి దాని చుట్టూ కట్టలేని ఇంజినీర్లా మనవాళ్లు? తోరణం కోసం రోడ్డెక్కినవాళ్లలో మిల్లు చిమ్నీ గురించి అడిగింది ఎంతమంది?

అడిగేది కోట్ల ప్యాకేజీ కాదు. మోటుపల్లి శాసనానికి అచ్చు నకలు ఒకటి తీయించి, వాడుక తెలుగులో అర్థంతో సహా వరంగల్ కోటలోని ఖుష్‌మహల్లో పెట్టండి. రెండు రాష్ట్రాల పురావస్తు శాఖలూ ఒక ఉత్తరం రాసుకుంటే అయ్యే పని. కాకతీయ ఉత్సవాలకు ఈసారి ఎవరిని పిలవాలన్న చర్చ మొదలయ్యేలోపే ఆ ఉత్తరం పోస్టు చేయొచ్చు.